సీతంపేట కొండల్లో చెట్ల ఆకుల్లో కేన్సర్ మందు వెతకాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

నాగావళి_పిల్ల:

అందరికీ నమస్కారం అండి. నేను శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ బోటనీ ఫైనలియర్, మాది పాలకొండ దగ్గర పల్లె. మా గైడ్ గారిని అడిగి మరీ ఈ టాపిక్ తీసుకున్నాను, సీతంపేట, భామిని వైపు కొండల్లో ఉన్న చెట్ల ఆకుల్లో కేన్సర్ కణాల మీద పనిచేసే పదార్థం ఏదైనా ఉందేమో చూడాలని. చిన్నప్పట్నుంచి ఆ కొండలు చూస్తూ పెరిగాను, మద్ది, తాని, కరక, చిరిమాను, సోమి, అంకుడు, పాలకొడిశ, నల్లజీడి ఇవన్నీ బానే గుర్తుపడతాను, కానీ ఇన్ని చెట్లలో ఏది తీసుకోవాలి, దేన్ని బట్టి తీసుకోవాలి అన్న దగ్గరే ఆగిపోయాను.

నెట్‌లో చూస్తే ప్రతి ఆకు మీదా ఏదో ఒక పేపర్ ఉంది, ప్రతి పేపర్లోనూ ఈ ఆకు ఎక్స్‌ట్రాక్ట్ (ఆకులోంచి దింపిన సారం) కేన్సర్ కణాల్ని చంపింది అనే ఉంది. అన్ని ఆకులూ చంపేస్తుంటే మరి మందులు ఎందుకు రావట్లేదు? నేను కూడా అలాంటి పేపరే ఇంకోటి రాసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదండి, చేస్తే తర్వాత ఎవరికైనా పనికొచ్చేలా చెయ్యాలి.

ఇంకో సంగతి. మా పెద్దమ్మకి రొమ్ము కేన్సర్, వైజాగ్‌లో చూపిస్తున్నాం, పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. ఊళ్ళో ఒకాయన ఏదో ఆకు నూరి రసం ఇస్తానంటున్నాడు, ఏ చెట్టో చెప్పడు, చెప్తే గుణం పోతుందంట. పెదనాన్న సగం ఒప్పేసుకున్నాడు. నేను ఇదే చదువుతున్నానని నన్నే అడుగుతున్నారు, "ఏటే, తాగించొచ్చా" అని. ఏం చెప్పాలో తెలియట్లేదు. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

తోటపల్లి_కాలవ:

చెల్లీ, ముందు ఆ రసం సంగతి. తాగించొద్దు. కీమో నడుస్తున్నప్పుడు పేరు తెలియని ఆకు ఒంట్లోకి పోకూడదు. దాని గురించి ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు నాకంటే బాగా చెప్తారు, ప్రాజెక్టు గురించి నేను చెప్తాను. మాది గరుగుబిల్లి వైపు, ఇప్పుడు హైదరాబాద్‌లో మొక్కల రసాయనాల మీద పనిచేస్తున్నాను.

పెద్దమ్మకి ఎక్కిస్తున్న పాక్లిటాక్సెల్ పుట్టిందే అడవి చెట్టులో, ఇది మీ ఇంట్లో అందరికీ చెప్పు. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ వాళ్ళు అక్కడి వ్యవసాయ శాఖతో కలిసి 1960లో మొదలెట్టి 1981 దాకా ఎక్కడెక్కడి మొక్కలో తెప్పించి పరీక్ష చేశారు, దాదాపు 35,000 జాతులు, లక్షా పద్నాలుగు వేల దాకా ఎక్స్‌ట్రాక్ట్‌లు. అందులో భాగంగా 1962లో ఆర్థర్ బార్‌క్లే అనే ఆయన వాషింగ్టన్ రాష్ట్రం అడవిలో పసిఫిక్ యూ అనే చెట్టు నుంచి శాంపిల్స్ కోసి పంపాడు. మన్రో వాల్, మన్‌సుఖ్ వానీ (వానీ గారు మహారాష్ట్రలోని నందుర్బార్ నుంచి వెళ్ళినాయన) ఆ బెరడులోంచి అసలు పదార్థాన్ని విడగొట్టి, దాని నిర్మాణం 1971లో అచ్చేశారు. అది కణాన్ని ఎలా ఆపుతుందో 1979లో గానీ తెలియలేదు, సూసన్ హార్విట్జ్ కనిపెట్టింది, కణం రెండుగా విడిపోయేటప్పుడు లోపల సన్నటి గొట్టాలు కట్టుకుని మళ్ళీ విప్పుకోవాలి, ఇది వాటిని విప్పుకోనీకుండా బిగించేస్తుంది. మందుగా అనుమతి వచ్చింది 1992 చివర్లో. చెట్టు కోసిన రోజు నుంచి ముప్ఫై ఏళ్ళు.

ఇందులో నీకు పనికొచ్చే ముక్క ఇంకోటి ఉంది. యూ చెట్టు బెరడు తీస్తే చెట్టు చచ్చిపోతుంది, అది చాలా నెమ్మదిగా పెరిగే చెట్టు, రోగులందరికీ సరిపడా బెరడు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఫ్రాన్స్‌లో పియేర్ పోటియే బృందం యూరప్‌లో పెరిగే యూ ఆకుల్లో ఇంచుమించు అదే నిర్మాణం ఉన్న పదార్థాన్ని పట్టుకుని, దాన్ని ల్యాబ్‌లో కొంచెం మార్చి పాక్లిటాక్సెల్ చేసే దారి చూపించింది. డోసిటాక్సెల్ అనే ఇంకో కేన్సర్ మందు కూడా అక్కణ్ణుంచే వచ్చింది. ఆకు కోస్తే మళ్ళీ చిగురేస్తుంది. అందుకని నువ్వు బెరడు, వేరు జోలికి పోకుండా ఆకు ఎంచుకోవడం నాకు చాలా నచ్చింది.

ఆకులోంచే నేరుగా వచ్చినవీ ఉన్నాయి. బిళ్ళగన్నేరు చెట్టు కాదు గానీ మనవైపు ఏ పెరట్లో చూసినా ఉంటుంది కదా. షుగర్‌కి వాడతారని జమైకా నుంచి ఆ ఆకు కెనడాకి పంపితే, రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఎలుకలకిచ్చి చూశారు, షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ పడిపోవడాన్ని పట్టుకునే 1958లో విన్‌బ్లాస్టిన్ అనే కేన్సర్ మందు బయటికి తీశారు, తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చింది, పిల్లల బ్లడ్ కేన్సర్‌కి ఈ రోజుకీ అదే ముఖ్యమైన మందుల్లో ఒకటి. అంత చేసీ ఆకులో ఆ పదార్థం ఉండేది ఎంత తక్కువంటే, వందల కిలోల ఎండాకు పోస్తే చేతికొచ్చేది గ్రాముల లెక్కే.

ఇక నీ అసలు ప్రశ్న, అన్ని ఆకులూ చంపేస్తుంటే మందులెందుకు రావట్లేదని. ప్లేటులో పెట్టిన కణాల్ని చంపడం చాలా తేలిక చెల్లీ. మోతాదు పెంచుకుంటూ పోతే ఉప్పునీళ్ళకీ చస్తాయి. మన దగ్గర ఎక్కువమంది చేసేది ఎంటీటీ టెస్టు, 1983లో మాస్‌మన్ పెట్టిన పద్ధతి, పసుపు రంగు పొడి వేస్తాం, బతికున్న కణాలు దాన్ని ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తాయి, ఊదా ఎంత తగ్గితే అన్ని కణాలు చచ్చినట్టు లెక్క. కానీ ఆకుల్లో ఉండే పాలీఫెనాల్స్ అనే పదార్థాలు కణాలతో పని లేకుండా వాటంతటవే ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. ప్లేటులో కణాలే లేని గుంటలో నీ ఎక్స్‌ట్రాక్టూ ఎంటీటీ మాత్రమే వేసి చూడు, అక్కడ కూడా ఊదా వచ్చిందంటే ఆ రీడింగ్‌ని నమ్మడానికి లేదు. ఈ ఒక్క కంట్రోలూ (సరిచూసుకునే పరీక్ష) పెట్టని పేపర్లు బోలెడు.

రెండోది టానిన్లు, అంటే ఆకుల్లో వగరునిచ్చే పదార్థాలు. నువ్వు చెప్పిన చెట్లలో మద్ది, తాని, కరక, చిరిమాను నాలుగూ ఒకే కుటుంబం, నాలుగింటి ఆకుల్లోనూ టానిన్ దండిగా ఉంటుంది. టానిన్ దొరికిన ప్రోటీన్‌నల్లా పట్టేసుకుంటుంది, కాబట్టి ఏ కణం మీద వేసినా ఏదో ఒక ఎఫెక్ట్ కనిపిస్తుంది. అమెరికా వాళ్ళ స్క్రీనింగ్‌లో కూడా మొదట్లో టానిన్లు ఇలాగే దారి తప్పించాయి. పాలీఅమైడ్ కాలమ్ (టానిన్‌ని పట్టేసుకునే పొడి నింపిన గొట్టం) మీంచి పంపించి టానిన్ తీసేశాక కూడా పనిచేస్తోందా లేదా అన్నదే చూడాలి. ఆ కుటుంబాన్ని వదిలెయ్యమని మాత్రం అనను, దక్షిణాఫ్రికాలో అదే కుటుంబానికి చెందిన చెట్టు బెరడులోంచి జార్జ్ పెటిట్ కాంబ్రెటాస్టాటిన్లు తీశాడు, కణితికి రక్తం అందించే నాళాల్ని దెబ్బతీసే రకం అవి.

మూడోది, మామూలు కణాలు. కేన్సర్ కణంతో పాటు ఒక మామూలు కణం మీద కూడా అదే రోజు అదే మోతాదు వెయ్యి. రెండూ ఒకేలా చస్తే నీ దగ్గరున్నది విషం అంతే. ఐసీ50 అంటే సగం కణాల్ని ఆపే మోతాదు, ముడి ఎక్స్‌ట్రాక్ట్‌కి మిల్లీలీటరుకి 20 మైక్రోగ్రాములు, పోనీ 30 లోపు ఉంటేనే ముందుకెళ్ళే విలువ ఉందనుకో. 200, 300 దగ్గర వచ్చిన అంకెల్ని కూడా ఘనంగా రాసేస్తుంటారు, నువ్వు అలా రాయొద్దు.

వార్డు_అక్క_కవిటి:

పాపా, నేను వైజాగ్‌లో కేన్సర్ వార్డులో స్టాఫ్ నర్సుని, మాది ఉద్దానం. పై అన్న చెప్పింది ముమ్మాటికీ నిజం, ఆ రసం వద్దు. ఎందుకో మీ పెదనాన్నకి అర్థమయ్యేలా చెప్తాను, ఇదే చదివి వినిపించు.

పాక్లిటాక్సెల్ నీళ్ళలో కరగదు, అందుకని ఆముదం నుంచి తయారుచేసిన ఒక ద్రావకంలో కలిపి ఇస్తాం, దానికి కొందరికి ఎలర్జీ వస్తుందని ముందే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసి, సీసా పెట్టాక మొదటి నిమిషాలు మంచం పక్కనే నిలబడి చూస్తాం. అంత జాగ్రత్తగా ఇస్తాం. ఒంట్లోకి వెళ్ళిన ఆ మందుని విరగ్గొట్టేది లివర్. ఆకు రసంలో ఉన్నవి కూడా ఆ లివర్ మీదికే వెళ్తాయి, అప్పుడు మందు ఒంట్లో ఎక్కువ సేపు ఉండిపోయి తెల్లకణాలు బాగా పడిపోవచ్చు, లేదా తొందరగా బయటికిపోయి కణితి మీద పనిచెయ్యకపోవచ్చు. ఏది జరుగుతుందో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఏ ఆకో ఎవరికీ తెలియదు. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే పెరిగేది) పెరిగిపోయి వస్తే డాక్టరు గారు కీమో వాయిదా వేస్తారు, కేన్సర్ మాత్రం వాయిదా పడదు కదమ్మా.

ఇంకా మాలాంటి ఉద్దానం వైపు వాళ్ళకైతే కిడ్నీ భయం ఉండనే ఉంది. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులు కిడ్నీకి బరువు, దానికి తోడు కషాయాలు. క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పెరిగి వచ్చిన పేషెంటుని అడిగితే ముందు ఏం తాగలేదంటారు, తర్వాత కూతురో కోడలో వెనకాలొచ్చి మెల్లిగా చెప్తుంది. డాక్టరు తిడతారని భయం. తిట్టరమ్మా, చెప్తేనే కాపాడగలుగుతాం. ఒకవేళ మీ పెద్దమ్మ ఇప్పటికే ఒకటి రెండుసార్లు తాగేసుంటే, ఈసారి కీమోకి వచ్చినప్పుడు ఆ ఆకు ఒక రెమ్మ కవర్లో వేసుకుని వచ్చి చూపించండి, దాచిపెట్టొద్దు.

బొబ్బిలి_బాబు:

మీరందరూ చదువుకున్నవాళ్ళు, కాదనను. కానీ మా నాన్నగారికి పెద్దపేగు కేన్సర్ వస్తే ఆపరేషన్ అయ్యాక లక్ష్మణఫలం ఆకు మరిగించి రోజూ ఇచ్చాం, ఇప్పుడు ఆయన పొలానికి వెళ్ళొస్తున్నారు. కడియం నర్సరీ నుంచి మొక్క తెప్పించి పెరట్లో కూడా వేశాం. ఆ ఆకులో కేన్సర్ని చంపే గుణం ఉందని సైంటిస్టులే రాశారు కదా. మరి అందరినీ వద్దు వద్దు అని భయపెట్టేస్తే ఎలాగండి, మన అడవుల్లో మందే లేదంటారా?

తోటపల్లి_కాలవ:

బాబు గారూ, నాన్నగారు తిరుగుతున్నారంటే చాలా సంతోషం అండి, వందేళ్ళు ఉండాలి. అడవుల్లో మందు లేదని నేను అనట్లేదు, ఉంటుందని నమ్మే ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. పెద్దపేగు కేన్సర్ పక్కకి పాకకముందే కోసి తీసేస్తే ఆ ఆపరేషన్‌తోనే చాలామంది నిలబడతారు, మీ నాన్నగారిని నిలబెట్టింది అదేనని నా గట్టి అభిప్రాయం.

లక్ష్మణఫలం, సీతాఫలం ఆకుల్లో, గింజల్లో అసిటోజెనిన్లు అనేవి ఉంటాయి, అవి కణాలకి శక్తి తయారయ్యే చోటనే దెబ్బ కొడతాయి, ప్లేటులో కేన్సర్ కణాలు చావడం నిజమే. కానీ మెదడులో నరాలకి కూడా అదే శక్తి కావాలి. వెస్టిండీస్‌లో గ్వాడలూప్ అనే దీవిలో మామూలు మందులకి లొంగని ఒక రకం పార్కిన్‌సన్ జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని 1999లో బయటపెట్టారు, వాళ్ళలో ఈ పండు తినడం, ఈ ఆకు కషాయం తాగడం బాగా అలవాటు, అందులోని అనొనాసిన్ అనే పదార్థం మీద అనుమానం పెట్టారు. ఎప్పుడో ఒక పండు తింటే ఏమీ కాదు. రోజూ ఆకు మరిగించి ఏళ్ళ తరబడి తాగడం మాత్రం ఆపించండి బాబు గారూ, నడక నెమ్మదించినా, చెయ్యి వణికినా వెంటనే న్యూరాలజీ డాక్టరుకి చూపించండి.

భామిని_మాస్టారు:

అమ్మా నాగావళి పిల్లా, నేను ఏజెన్సీలో బడిపంతుల్ని, సవరోళ్ళం. నువ్వు వచ్చేది మా కొండలకే కాబట్టి నాలుగు ముక్కలు నేను కూడా చెప్తాను.

మొదటిది, ఊళ్ళోకి రాగానే "కేన్సర్‌కి ఏ ఆకు వాడతారు" అని అడగొద్దు. మావాళ్ళకి కేన్సర్ అన్న పేరు ఆసుపత్రి నుంచి వచ్చిందే. అలగ అడిగితే నిన్ను బాధపెట్టకూడదని ఏదో ఒక ఆకు చూపించేస్తారు. మానని పుండుకి ఏటి కడతారు, గడ్డ లేస్తే ఏటి నూరి పెడతారు, ఏ ఆకు చేత్తో ముడితే బొబ్బలెక్కుతాయి, మేకలు ఏ చెట్టు దగ్గర మూతి తిప్పేసుకుంటాయి, అలగ అడుగు. మేకలు కాసే పిల్లలకి తెలిసినంత పెద్దోళ్ళకి కూడా తెలీదు. పురుగు ముట్టని ఆకు, పశువు ముట్టని ఆకు అంటే అందులో ఏదో ఘాటైంది ఉన్నట్టే కదా, నీ వెతుకులాటకి అది మంచి ఆనవాలు అనుకుంటున్నాను.

రెండోది, రిజర్వు ఫారెస్టులో ఆకు కోయాలంటే అటవీ శాఖ పర్మిషన్ లెటర్ కావాలి, కాలేజీ నుంచి రాయించి ముందే పెట్టుకో, చేతిలో కాగితం లేకుండా వచ్చి బీట్ ఆఫీసర్ ఆపితే నీతో పాటు దారి చూపించిన మావాడు కూడా ఇబ్బందిలో పడతాడు. దాంతో పాటు పంచాయితీలో జీవవైవిధ్య కమిటీ అని ఉంటుంది, 2002 చట్టం ప్రకారం పెట్టింది, వాళ్ళకి కూడా ఒక మాట చెప్పు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. మా ఎజ్జు (ఊరి వైద్యుడు) ఎవరైనా నీకు ఆకు చూపించి, రేపు దాంట్లోంచి ఏదైనా బయటికొస్తే, ఆ ఊరి మాట ఏటి? కేరళలో అగస్త్య కొండల్లో కాణి గిరిజనులు ఉన్నారు. 1987లో సైంటిస్టులు వాళ్ళని తోడు తీసుకుని అడవిలో తిరుగుతుంటే వీళ్ళు అలిసిపోతున్నారు గానీ వాళ్ళు అలవట్లేదు, ఏవో చిన్న కాయలు నోట్లో వేసుకుంటున్నారు. ఆ కాయల మొక్కే ఆరోగ్యపచ్చ. దాంట్లోంచి జీవని అనే మందు తయారుచేసి కంపెనీకి ఇచ్చినప్పుడు వచ్చిన డబ్బులో సగం కాణి వాళ్ళకి ఇవ్వాలని ఒప్పుకున్నారు, వాళ్ళ పేరు మీద 1997లో ట్రస్టు కూడా పెట్టారు. మావాళ్ళు కరక్కాయ, తపసి జిగురు, నరమామిడి చెక్క, అడ్డాకు ఏరుకొచ్చి సంతలో, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపోలో అమ్ముకుని బతుకుతున్నారు, ఆకు గుణం తెలిసింది వాళ్ళకి, ఫలం దక్కేది ఇంకెవరికో అవ్వకూడదు. నీ ప్రాజెక్టు పుస్తకంలో ఎవరు చూపించారో, ఏ ఊరో, వాళ్ళు ఒప్పుకుంటేనే, వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాయి. ఒప్పుకోకపోతే ఆ ఆకు వదిలెయ్.

ఇంకోటి, నల్లజీడి ఆకు తెంపేటప్పుడు జాగ్రత్త తల్లీ, ఆ చెట్టు పాలు తగిలితే చర్మం కాలినట్టు పొక్కుతుంది. చేతికి గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకుని రా.

నాగావళి_పిల్ల:

అందరికీ పాదాభివందనాలు అండి. అక్కా, మీరు రాసింది పెదనాన్నకి చదివి వినిపించాను, ఆముదం సంగతి దగ్గర ఆగి మళ్ళీ చదవమన్నారు. పెద్దమ్మ ఇంకా తాగలేదంట, ఆయన్ని రావద్దని చెప్పేశారు. నాకు ఎంత బరువు దిగిందో చెప్పలేను.

మాస్టారూ, మీరు చెప్పినట్టే వస్తాను, లెటర్ మా హెచ్‌ఓడీ గారితో రాయిస్తున్నాను. ఎవరు చూపించారో ఆ మాట పుస్తకంలో తప్పకుండా ఉంటుంది.

కాలవ అన్నా, ఇంకో రెండు అడగాలి. మా కాలేజీలో కణాలు పెంచే సౌకర్యం లేదు, మరి నేను ఎంతవరకు చెయ్యగలను? రెండోది, వడిశాకు తీసుకుందామా అని మనసులో ఉంది. పశువులు ముట్టవు, పురుగు పట్టదు, దాంట్లో క్లీస్టాంథిన్లు ఉన్నాయని, కేన్సర్ కణాల మీద పనిచేశాయని చదివాను. తీసుకోవచ్చా?

తోటపల్లి_కాలవ:

వడిశ గురించి ముందు చెప్తాను, ఎందుకంటే నాకు అక్కడే భయం వేసింది. నువ్వు చదివింది కరెక్టే, క్లీస్టాంథిన్ ఎ, బి, డైఫిల్లిన్ అనేవి ఆ ఆకులో ఉన్నాయి, లిగ్నాన్లు అనే గుంపుకి చెందినవి. హిమాలయాల్లో దొరికే పోడోఫిల్లమ్‌లో ఉన్న పోడోఫిల్లోటాక్సిన్ కూడా లిగ్నానే, అది మరీ విషం అవడంతో నిర్మాణం మార్చి ఎటోపొసైడ్ అనే కేన్సర్ మందు చేశారు, 1983లో అమెరికాలో అనుమతి వచ్చింది. కాబట్టి శాస్త్రం ప్రకారం వడిశ మంచి ఎంపికే. కానీ ఆ ఆకు విషం మనిషికి ఎక్కితే రక్తంలో పొటాషియం పడిపోతుంది, కిడ్నీ ఆమ్లాన్ని బయటికి పంపలేకపోతుంది, గుండె లయ తప్పుతుంది, విరుగుడు మందు లేదు. మన కణాల్లో ఆమ్లాన్ని తోడే ఒక పంపు ఉంటుంది, డైఫిల్లిన్ దాన్ని ఆపేస్తుంది, కేన్సర్ కణం మీద దీన్ని ప్రయత్నిస్తున్నదీ ఆ గుణం వల్లే. అనుభవం ఉన్న గైడ్ పక్కన లేకుండా, తాళం వేసే బీరువా లేకుండా, హాస్టల్ గదిలో ఆరబెట్టే పరిస్థితుల్లో ఆ ఆకు ముట్టుకోవద్దు. మొదటి ప్రాజెక్టుకి అస్సలు వద్దు.

వార్డు_అక్క_కవిటి:

అన్న మాటకి నాది ఒకటి కలుపుతున్నాను. నేను ఇంతకుముందు మెడికల్ ఐసీయూలో చేశాను. వడిశాకు కేసు వచ్చినప్పుడు పేషెంటు లేచి కూర్చుని మాట్లాడుతూనే ఉంటారు, ఇంటివాళ్ళు బాగానే ఉన్నారు కదా తీసుకెళ్ళిపోతాం అంటారు, పొటాషియం మాత్రం గంట గంటకీ దిగిపోతుంటుంది. రోజుల తరబడి మానిటర్ మీద కళ్ళు పెట్టుకుని కూర్చోవాలి. చూడ్డానికి బాగున్నారని ఎవరూ డిశ్చార్జి అడగొద్దు, ఎవరింట్లో అయినా ఆ ఆకు పొరపాటున లోపలికి పోయిందని తెలిస్తే ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకురండి. పాపా, నువ్వు మాత్రం దాన్ని వదిలెయ్.

తోటపల్లి_కాలవ:

ఇప్పుడు నువ్వు చెయ్యగలిగింది. కణాలు పెంచే సౌకర్యం లేకపోవడం పెద్ద లోటేమీ కాదు, అసలు ఈ రంగంలో సగం పని పాడయ్యేది కణాల దగ్గరికి రాకముందే, చెట్టు దగ్గర. ఏ చెట్టు, ఏ చోట, ఏ నెల, ముదురాకా చిగురా, ఇవి రాసుకోకపోతే తర్వాత ఎవరు మళ్ళీ చేసినా ఆ ఫలితం రాదు. మలేషియాలోని సరవాక్ అడవిలో 1987లో ఒక పొన్న జాతి చెట్టు ఆకులు, కొమ్మలు తీసుకెళ్తే ఎయిడ్స్ వైరస్‌ని ఆపే కాలనోలైడ్ అనే పదార్థం బయటపడింది, కొన్నేళ్ళకి మళ్ళీ అదే చెట్టు కోసం వెళ్తే కొట్టేశారు, చుట్టుపక్కల చెట్లలో అంత గుణం కనపడలేదు. అది కేన్సర్ కాదు గానీ ఆ ఆకు సేకరించింది ఇదే అమెరికా కేన్సర్ సంస్థ కోసమే. అందుకని ప్రతి చెట్టుకీ జీపీఎస్ పాయింట్ తీసుకో, పూతో కాయో ఉన్న రెమ్మ కోసి పాత పేపర్ల మధ్య నొక్కి, రోజూ పేపర్లు మారుస్తూ ఎండబెట్టి, షీట్ మీద అంటించి ఆంధ్రా యూనివర్సిటీ బోటనీ వాళ్ళ హెర్బేరియంలో (ఎండిన మొక్కల షీట్లు దాచే చోటు) గానీ, హైదరాబాద్‌లో ఉన్న బొటానికల్ సర్వే వాళ్ళ దగ్గర గానీ చూపించి పేరు ఖాయం చేయించుకో, షీట్ నంబర్ తీసుకో. పాలకొడిశ, అంకుడు రెండూ ఒకే కుటుంబం, పూత లేనప్పుడు వాటిని ఒకదానికొకటి అనుకునేవాళ్ళు చాలామంది, నువ్వు ఎంత బాగా గుర్తుపట్టినా షీట్ ఉండాల్సిందే.

పది చెట్లు వద్దు. మూడో నాలుగో చాలు. మాస్టారు చెప్పిన మేకల ఆనవాలు ఒకటి పట్టుకో, మానని పుండ్లకి కట్టేది ఒకటి పట్టుకో, ఇంకోటి ఇప్పటికే మందు దొరికిన చెట్లకి చుట్టమైనది. మన పడమటి కనుమల్లో పెరిగే నోథపోడైటిస్ అనే చెట్టులో కాంప్టోథెసిన్ అనే పదార్థం ఉందని 1972లో గోవిందాచారి, విశ్వనాథన్ కనిపెట్టారు, అంతకుముందు 1966లో వాల్, వానీలే దాన్ని చైనా చెట్టులో పట్టుకున్నారు, రెండు దేశాల్లో వేరు వేరు కుటుంబాల చెట్లలో అదే పదార్థం. టోపోటెకాన్, ఇరినోటెకాన్ అనే కేన్సర్ మందులు దాన్నుంచే వచ్చాయి, పెద్దపేగు కేన్సర్‌కి ఇప్పుడు వాడే ఇరినోటెకాన్ అదే. తూర్పు కనుమల్లో ఆ కోణంలో చూడాల్సింది ఇంకా చాలా ఉందని నా నమ్మకం.

ఆకు నీడలో ఆరబెట్టు, ఎండలో వద్దు, తడి ఉండిపోతే బూజు పడుతుంది, బూజు కూడా విషాలు తయారుచేస్తుంది, అప్పుడు నువ్వు చూసేది ఆకు గుణమో బూజు గుణమో తెలియదు. పొడి చేసి ముందు హెక్సేన్, తర్వాత ఇథైల్ ఎసిటేట్, ఆ తర్వాత మెథనాల్ వరుసగా పోసి విడివిడిగా తీసుకో. ఆకుతో పెద్ద తలనొప్పి పచ్చరంగు. మొదటిసారి టీఎల్‌సీ ప్లేటు (సారంలోని పదార్థాల్ని విడివిడిగా చూపించే పలక) మీద చుక్క పెట్టి నడిపించినప్పుడు చూస్తావుగా, పైన పచ్చటి పట్టీలు పరుచుకుని ఉంటాయి, అదే ప్లేటు 365 నానోమీటర్ల యూవీ దీపం కింద పెడితే ఆ పచ్చ పట్టీలు నెత్తుటి ఎరుపులో వెలుగుతాయి, అది క్లోరోఫిల్. దాన్ని చూసి కొత్త పదార్థం అనుకోకు. ఆ ఎరుపుకి కింద సన్నగా నీలంగానో పసుపుగానో మెరిసే చుక్కలు ఉంటే అవే నీ వెతుకులాట, ప్రతి ప్లేటూ మామూలు వెలుతురులోనూ ఆ దీపం కిందా ఫొటో తీసి పెట్టుకో.

అక్కడిదాకా మీ కాలేజీలోనే అవుతుంది. తర్వాత కణాల టెస్టుకి మీ గైడ్ గారి ద్వారా యూనివర్సిటీ ఫార్మసీ వాళ్ళని అడగండి. కణాలు పుణెలోని ఎన్‌సీసీఎస్ నుంచి తెప్పించినవా, ఎన్నోసారి పెంచినవి అన్నది అడిగి రాసుకోవాలి. వాళ్ళు పంపే రిపోర్టులో ఒట్టి ఐసీ50 అంకె ఇస్తే తీసుకోవద్దు, ప్రతి మోతాదుకీ రీడింగులు, కణాల్లేని గుంటల రీడింగులు, మామూలు కణాల రీడింగులు, పోల్చడానికి తెలిసిన మందు ఒకటి పెట్టిన రీడింగులు అన్నీ ఇమ్మని ముందే రాతపూర్వకంగా అడుగు. నాలుగు ఆకుల్లో నాలుగూ పనిచెయ్యలేదని వస్తే అదే రాయి. ఫలానా చెట్టు, ఫలానా షీట్ నంబర్, టానిన్ తీసేశాక ఏమీ లేదు అని నిజాయితీగా రాసి పెడితే ఇంకో కుర్రాడు అదే ఆకు మీద రెండేళ్ళు పోసుకోకుండా ఉంటాడు.

ఒక మిగిలిన మాట, ప్రతి ఎక్స్‌ట్రాక్ట్‌లోనూ కొంచెం గాజు సీసాలో పోసి, పేరూ తేదీ లేబుల్ మీద పెన్సిల్‌తో రాసి, మైనస్ ఇరవై డిగ్రీల్లో దాచు. మెథనాల్ ఒలికితే పెన్ను రాత చెదిరిపోతుంది, పెన్సిల్ పోదు.

భామిని_మాస్టారు:

చిరిమాను, సోమి మా వెనక కొండ మీదే ఉన్నాయమ్మా, పూతెప్పుడో కాయెప్పుడో నేను చూసి ఇక్కడే పెడతాను. వానలు తగ్గాక రా, ఇప్పుడైతే ఆ గెడ్డ దాటలేవు. మా బడి వరండాలో నీడా గాలీ రెండూ ఉన్నాయి, ఆకులు అక్కడే పరుచుకోవచ్చు, పిల్లలు తొక్కకుండా నేను చూసుకుంటాను.